నాలుగు వేల రూపాయల కాంతి కిట్టు: ఏది చేతికొచ్చింది, ఏది బీరువాకెక్కింది

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘32 ప్రయోగాలు’ అని అచ్చు వేశారు. లోపలి పుస్తకం తెరిస్తే వాటిలో చాలావరకు ఒకే కటకాన్ని నాలుగు చోట్ల నిలబెట్టి నాలుగు అంకెలు వేసుకున్నవే. ప్రయోగశాల సామాను అమ్మేవాళ్ళ లెక్క ఇలాగే ఉంటుంది కాబట్టి దాన్ని తప్పుపట్టను. నేను చూసింది వేరు. తరగతిలో ఎంతమంది పిల్లల చేతుల్లోకి ఈ వస్తువులు వెళ్తాయి? ఈ సంవత్సరమంతా ఈ కిట్టును ఆ కొలతతోనే వాడాను. ఐదుకు మూడు మార్కులు వేస్తాను. ఆ మూడూ రెండు మూడు వస్తువుల వల్ల వచ్చినవే.

సూర్యాపేట జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో నలభై ఆరుగురు పిల్లలు. గోళాకార దర్పణాలు, వక్రతలాల వద్ద వక్రీభవనం, మానవుని కన్ను అంటూ కాంతి చుట్టూ తిరిగే పాఠాలు చాలానే ఉన్నాయి. మా ప్రయోగశాల అంటే ఒక ఇనుప బీరువా, అందులో అంచులు పగిలిన గాజు దిమ్మె, గీతలు పడి ఏమీ కనిపించని పుటాకార దర్పణం. పూర్వ విద్యార్థులు కొందరు కలిసి ఇచ్చిన డబ్బుతో ఈ కిట్టు తెప్పించాం. ధర 4,200 రూపాయలు, రవాణా అదనం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో పోసిన సామాను వేరే పేర్లతోనూ అమ్ముడవుతోంది. పేరు చూసి కాక లోపలున్నది చూసి కొనుక్కోవడం మంచిది.

ముందు బెంచీ సంగతి. పెట్టెలో సగం చోటు దీనిదే. సెంటీమీటర్ల గీతలున్న లోహపు పట్టీ, దాని మీద జరిగే నాలుగు స్టాండ్లు. చూడటానికి ఎంతో హుందాగా ఉంటుంది. దీని పొడవు 60 సెంటీమీటర్లు. కిట్టులోని కుంభాకార కటకాల నాభ్యాంతరాలు (చాలా దూరపు వస్తువు బొమ్మ కటకం నుంచి ఎంత దూరంలో పడుతుందో ఆ కొలత) 10, 15, 20 సెంటీమీటర్లు. తెర మీద నిజ ప్రతిబింబం పడాలంటే వస్తువుకూ తెరకూ మధ్య కనీసం నాభ్యాంతరానికి నాలుగు రెట్ల దూరం ఉండాలి. అంటే 20 సెంటీమీటర్ల కటకానికి 80 సెంటీమీటర్లు కావాలి. ఈ బెంచీ మీద ఆ కటకాన్ని ఎలా జరిపినా, ఎంత ఓపిక పట్టినా తెర మీద బొమ్మ పడదు. 15 సెంటీమీటర్ల కటకానికి సరిగ్గా ఒక్క స్థానంలో పడుతుంది, అదీ రెండు స్టాండ్లూ పట్టీ అంచుల నుంచి జారిపోయేంత చివరికి జరిపితే. వస్తువును వేర్వేరు దూరాల్లో ఉంచి ప్రతిబింబాన్ని పోల్చడమే ఈ ప్రయోగం ఉద్దేశం కదా? ఒక్క 10 సెంటీమీటర్ల కటకంతోనే ఆ పని అవుతుంది. కటకాలు ఎంచినవారికీ పట్టీ కోసినవారికీ మధ్య మాటలున్నట్టు లేదు.

స్టాండ్ల స్క్రూలు ప్లాస్టిక్‌వి. పిల్లలు బిగిస్తే మర తిరిగిపోతుంది. బెంచీని బీరువా మీదికి ఎక్కించేశాను. దాని బదులు నేల మీద సుద్దతో రెండు మీటర్ల గీత గీసి, పక్కన కొలత టేపు అతికించి, కటకాన్ని బంకమట్టి ముద్దలో నిలబెట్టాం. ఇలా అయితే ఒక్కో గీత చుట్టూ ఏడెనిమిది మంది కూర్చోగలరు. బల్ల మీద బెంచీ పెడితే ముందు నిలుచున్న నలుగురి వీపులే మిగతావాళ్ళకు పాఠం.

కటకాల విషయంలో కిట్టును మెచ్చుకోవాలి. గాజువి, 50 మిల్లీమీటర్ల వ్యాసం, అంచులు నునుపు. వాటి మీద నాభ్యాంతరం రాసిన చీటీలు అతికించి ఉన్నాయి. వచ్చిన రోజే ఆ చీటీలు పీకేశాను. ‘20’ అని రాసి ఉన్న కటకం చేతికిస్తే, మా పిల్లలు కొలవకుండానే పుస్తకంలో 20 రాసేస్తారు. చీటీ లేకపోతే చచ్చినట్టు కిటికీ దగ్గరికి పోవాలి. బయటి వేపచెట్టు బొమ్మ తెల్లకాగితం మీద తలకిందులుగా పడేదాకా కాగితాన్ని జరపాలి, ఆ దూరం కొలవాలి. అలా కొలిస్తే 20 సెంటీమీటర్ల కటకం పద్దెనిమిదిన్నర దగ్గర తేలింది. మూడు జట్లకూ దాదాపు అదే వచ్చింది. అమ్మినవారికి ఫోను చేస్తే అంత తేడా మామూలేనన్నారు. కావచ్చు. కంపెనీ రాసిన అంకె కంటే తాము కొలిచిన అంకె నమ్మదగినదని పదిహేనేళ్ళ వయసులో తెలియడం నాకైతే లాభమే.

వస్తువుగా కొవ్వొత్తి పెట్టమని పుస్తకం చెబుతుంది. ఫ్యాను ఆపితే పిల్లలు ఉడికిపోతారు, వేస్తే మంట నిలవదు. నల్ల చార్టులో ‘క’ అక్షరం కత్తిరించి, దాని వెనక నూనె రాసిన తెల్లకాగితం అంటించి, ఫోను టార్చి పెట్టాం. గోడ మీద తలకట్టు కిందికి పోయిన ‘క’ కనిపించగానే తలకిందులు కావడం, కుడి ఎడమలు మారడం రెండూ ఒక్క చూపులో అర్థమయ్యాయి. అప్పుడు కటకం పై సగాన్ని అట్టముక్కతో మూసేస్తే ఏమవుతుందని అడిగాను. పాత ప్రశ్నపత్రాల్లో కనిపించే ప్రశ్నే. జవాబు కంఠస్థం చేసినవాళ్ళు కూడా తమ కళ్ళ ముందు గోడ మీద బొమ్మ ఉన్నప్పుడు తడబడ్డారు. తలకట్టు పోతుందని కొందరు, కింది భాగం పోతుందని కొందరు. అట్ట అడ్డం పెట్టాక అక్షరం నిండుగా అలాగే ఉంది, వెలుగు మాత్రం తగ్గింది. ఒక అబ్బాయికి నమ్మకం కుదరలేదు. కటకానికి తన వేలు ఆనించి పెట్టి, గోడ మీద వేలి నీడ కోసం వెతికాడు. అది ఎక్కడా లేదు. అక్షరంలోని ప్రతి బిందువు నుంచి వచ్చే కాంతి కటకమంతటా పడుతుంది, కటకంలోని ప్రతి ముక్కా మొత్తం బొమ్మను వేస్తుంది. ఇది నేను నల్లబల్ల మీద ఎన్నోసార్లు చెప్పిన మాటే. ఆ వేలు చెప్పినంత బాగా మాత్రం చెప్పలేదు.

కిట్టులో నాకు అన్నిటికన్నా నచ్చింది అర్ధవృత్తాకారపు యాక్రిలిక్ దిమ్మె. అరచేతిలో పట్టేంత. కోణాలు అచ్చువేసిన గుండ్రటి కాగితం మీద దాని మధ్యబిందువును కేంద్రానికి సరిగ్గా కుదర్చాలి. దాని ఆకారంలోనే తెలివుంది. చదునైన ముఖం మధ్యలో పడి లోపలికి వంగిన కిరణం వంపు ముఖాన్ని ఎప్పుడూ లంబంగానే తాకుతుంది కాబట్టి అక్కడ మళ్ళీ వంగదు. వంగేది ఒక్క చోటే, కొలవాల్సిందీ ఒక్క చోటే. గాజు దిమ్మె, గుండుసూదులతో అయితే ఇదే పని పీరియడంతా పడుతుంది, సగం మంది సూదులను వంకరగా గుచ్చుతారు.

పతన కోణం 30 డిగ్రీలు పెడితే వక్రీభవన కోణం ఇరవైకి కాస్త తక్కువ వచ్చింది. వెంటనే ఒక అమ్మాయి, “అయితే అరవైకి నలభై వస్తుంది మేడమ్” అని గడిలో ముందే రాసేసుకుంది. కిరణం 35, 36 గీతల మధ్య పడింది. దిమ్మె కదిలిందనుకుని సరిచేసి మళ్ళీ చూసింది. మళ్ళీ అక్కడే. కోణాల నిష్పత్తి స్థిరం కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. చిన్న కోణాల దగ్గర స్థిరంగా ఉన్నట్టు కనిపించడమే ఇందులోని మాయ. త్రికోణమితి పట్టిక తీయించి సైన్ విలువలు రాయించాను. 0.5ను 0.335తో, 0.866ను 0.58తో భాగిస్తే రెండుచోట్లా ఒకటిన్నరకు కొంచెం తక్కువ. ఈ నిష్పత్తినే వక్రీభవన గుణకం అంటారు. యాక్రిలిక్‌కు అది 1.49 కాబట్టి చాలా మంచి కొలత. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ ఇలాగే కోణాలు కొలిచి పట్టికలు రాశాడు కానీ సైన్ సంబంధం అతనికి చిక్కలేదు. బాగ్దాదులో ఇబ్న్ సహల్ 984లో దాన్ని పట్టుకున్నాడు, ఐరోపాలో స్నెల్ 1621లో. ఈ మాట చెబితే ఆ అమ్మాయి తన గడిలోని 40ని కొట్టేయకుండా పక్కన ‘టాలెమీ’ అని రాసుకుంది.

దిమ్మెను తిప్పి, కిరణాన్ని వంపు వైపు నుంచి పంపితే రెండో పాఠం మొదలవుతుంది. కోణం పెంచుతూ పోతే బయటికి వచ్చే కిరణం చదునైన ముఖానికి దగ్గరగా వాలిపోతూ, 42 డిగ్రీల దగ్గర అంచున ఎరుపు నీలం రంగులు చిమ్మి మాయమవుతుంది. కిరణం మొత్తం లోపలికే పరావర్తనం చెందుతుంది. సందిగ్ధ కోణం నిర్వచనాన్ని ఆ తరువాత రాయిస్తే ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇలాంటి దిమ్మెలు ఆరుంటే ఎంత బాగుండేది! కిట్టులో ఒక్కటే ఇచ్చారు.

దీనికి కిరణాలు కావాలి, అవి రే బాక్సు నుంచి రావాలి. చిన్న బల్బు, ముందు చీలికలున్న పలక, మూడు పెన్సిల్ సెల్లులు. సెల్లులు కొత్తవైతే ఒక పీరియడు బాగా వెలుగుతుంది, తరువాత పీరియడుకు కిరణం పసుపు మరకలా మిగులుతుంది. పైగా ఇది చీకటి గదిని నమ్ముకుని తయారైన వస్తువు. మా తరగతి గది కిటికీలకు రెక్కలే లేవు. డిజిటల్ బోర్డు వచ్చిన పెద్ద అట్టపెట్టెను పడుకోబెట్టి, ఒక వైపు కోసి, రే బాక్సునూ దిమ్మెనూ అందులో పెడితే కిరణాలు చక్కగా కనిపించాయి. నలుగురైదుగురు తలలు లోపలికి దూర్చి గీతలు గీసుకున్నారు. ఆ డిజిటల్ బోర్డు ఏం చేస్తోందని నన్ను అడగకండి.

లేజరు గురించి కాస్త కటువుగా చెప్పాలి. పెన్ను ఆకారంలోని ఎర్ర లేజరు ఇచ్చారు. దాని మీద ఎంత శక్తిదో, ఏ భద్రతా తరగతిదో రాయలేదు. ఒక మిల్లీవాటుకు లోపు ఉంటే రెండో తరగతి కిందికి వస్తుంది, పొరపాటున కంట్లో పడినా రెప్ప మూతపడేలోగా హాని జరగదు. అంతకు మించితే ఆ భరోసా లేదు. పిల్లల చేతికిచ్చే వస్తువు మీద ఆ ఒక్క సంఖ్య వేయకపోవడం క్షమించరానిది. నేను దాన్ని చెక్కముక్కకు కట్టి, గోడ వైపు తిప్పి, స్విచ్చి నా దగ్గరే ఉంచుకున్నాను. పారదర్శకమైన మిఠాయి డబ్బాలో నీళ్ళు పోసి రెండు చుక్కల పాలు కలిపితే కిరణం దారి మొత్తం కనిపిస్తుంది.

పాత సీడీ ఒకటి దొరికితే ఇంకో పని చేయవచ్చు, ఇది కిట్టు పుస్తకంలో లేదు, పదో తరగతి పాఠంలోనూ లేదు. సీడీ మీది గాళ్ళ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. లేజరును సీడీకి లంబంగా కొడితే మధ్య చుక్కకు అటూ ఇటూ మరో రెండు చుక్కలు పడతాయి. సీడీకి మీటరు దూరంలో తెర పెడితే మధ్య చుక్కకూ పక్క చుక్కకూ ఎడం 44 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ కొలత నుంచి ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లని పిల్లలే లెక్కగట్టవచ్చు. టేపుతో కొలిచి మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్న దూరాన్ని తేల్చామంటే వాళ్ళకు నమ్మబుద్ధి కాలేదు. నాకు మాత్రం ఏటా కొత్తగానే ఉంటుంది.

పట్టకం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గాజుదే, కాస్త చిన్నది, ఎండ ఉంటే గోడ మీద మంచి వర్ణపటం వేస్తుంది. జూన్ చివరి మబ్బుల్లో పాఠం పెట్టుకుంటే ఏమీ వేయదు. రంగుల ఫిల్టర్లు మిఠాయి పొట్లాల కాగితాల స్థాయివి. ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు కలిపితే పసుపు రావాలి, వీటితో బురద రంగు వచ్చింది. పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలచటి రేకులు) రెండూ బాగున్నాయి. క్యాలిక్యులేటర్ తెర ముందు ఒకటి పెట్టి తిప్పితే అంకెలు మాయమై మళ్ళీ రావడం చూసి చిన్న తరగతుల పిల్లలు కూడా గుమిగూడారు. ఆకాశపు నీలం గురించి కిట్టులో ఏమీ లేదు. దానికి గ్లాసెడు నీళ్ళు, చెంచాడు పాలు, టార్చి చాలు.

కంటి నమూనా గురించి మాత్రం వివరంగా రాయాలి. ప్లాస్టిక్ గోళం, ముందు కటకం, వెనక జరిపే తెర, కటకం ముందు మరో కటకం దూర్చడానికి గాడి. తెరను వెనక్కి జరిపితే ప్రతిబింబం తెరకు ముందే పడి, తెర మీది అక్షరం అలుక్కుపోతుంది. అదే హ్రస్వదృష్టి. గాడిలో పుటాకార కటకం పెట్టగానే అక్షరం పదునెక్కుతుంది. వస్తువు నాజూకుగా లేదు కానీ చేసే పని సరిగ్గా చేస్తుంది. అలుక్కుపోయిన అక్షరం చూపించి ఇది స్పష్టంగా ఉందా అని అడిగితే అందరూ లేదన్నారు. వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి మాత్రం, “బోర్డు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కదా మేడమ్” అన్నాడు. వాళ్ళ నాన్నగారికి కబురు పంపాం. ఇప్పుడతనికి కళ్ళద్దాలు వచ్చాయి, సైట్ మైనస్ రెండున్నర.

అక్కడి నుంచి పాఠం కిట్టును వదిలేసి ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రభుత్వపు ఉచిత కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది, 2023 జనవరిలో రెండో విడత. ఆ శిబిరాల్లో ఇచ్చిన చదువు కళ్ళద్దాలు మా ఊళ్ళలో ఎందరో నానమ్మలు, తాతయ్యల దగ్గర ఉన్నాయి. ఒక రోజుకు అడిగి తెమ్మన్నాను. కిట్టులో మూడు కుంభాకార కటకాలుంటే, మర్నాడు తరగతిలో ప్రతి జట్టు దగ్గరా ఒక జత ఉంది. చాలా వాటికి కాడ లోపలి వైపు సంఖ్య అచ్చువేసి ఉంది. దాన్ని కాగితపు ముక్కతో కప్పేసి, గోడ మీద కిటికీ బొమ్మ పడేలా పట్టి దూరం కొలవమన్నాను. 40 సెంటీమీటర్లు వస్తే వందను నలభైతో భాగించి రెండున్నర డయాప్టర్లు, కటకం సామర్థ్యాన్ని చెప్పే లెక్క అదే. కాగితం తీసి చూస్తే +2.50. అది చూసి ఆ జట్టు పెట్టిన కేకకు పక్క తరగతి సార్ వచ్చి తలుపు తట్టారు.

మైనస్ అద్దాలవాళ్ళు తమకు గోడ మీద బొమ్మే రావడం లేదని ఫిర్యాదు చేశారు. రాదు. ఆ అద్దం కాంతిని చెదరగొడుతుంది కాబట్టి మధ్యలో నీడ, చుట్టూ వెలుగు అంచు కనిపిస్తాయి. దాని సామర్థ్యం కొలవడానికి కిట్టులోని 10 సెంటీమీటర్ల కటకాన్ని దానికి ఆనించి పట్టాలి. కటకం ప్లస్ పది, అద్దం మైనస్ రెండైతే మిగిలేది ఎనిమిది, బొమ్మ పన్నెండున్నర సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడి సంచీలో దాచే ఇద్దరు అమ్మాయిలు ఆ రోజు వాటిని బయటికి తీశారు, తమ సంఖ్య తామే తేల్చుకుందామని.

పుస్తకం ఇంగ్లిషులోనూ హిందీలోనూ ఉంది, తెలుగులో లేదు. తెలుగు రాష్ట్రాల బడులకు అమ్ముతూ నాలుగు పేజీలు తెలుగులో వేయకపోవడానికి బద్ధకం తప్ప కారణం కనిపించదు. బొమ్మల్లో ఒకచోట పుటాకార దర్పణానికి నాభి, వక్రతా కేంద్రం తారుమారయ్యాయి. దర్పణాలు రెండూ పర్వాలేదు, పూత వెనక వైపు ఉండటం వల్ల ప్రకాశవంతమైన వస్తువుకు పక్కనే పలచటి రెండో బొమ్మ కనిపిస్తుంది. ముందుగానే పిల్లలకు చెప్పండి, లేకపోతే దాన్నీ గీస్తారు.

పది పన్నెండు మందికి చెప్పే ట్యూషన్ మాస్టారికి, ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకు ఈ కిట్టు సరిపోతుంది, నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మా లాంటి తరగతికి ఇదే డబ్బుతో ఆరు అర్ధవృత్తాకార దిమ్మెలు, డజను కటకాలు, రెండు పట్టకాలు, ఒక కంటి నమూనా వస్తే మేలు. విడిగా ఇవ్వమని అడిగితే, “కిట్టే తీసుకోండి మేడమ్, విడివిడిగా మాకు గిట్టదు” అని జవాబొచ్చింది. సైన్సు పరికరాలకు పేరున్న అంబాలా నుంచి టోకున పంపే ఒకరు మాత్రం విడి ధరలు రాసి పంపారు, వచ్చే విద్యాసంవత్సరానికి ఆయన దగ్గరే ఆర్డరు పెడుతున్నాం. మీరూ అలా తెప్పించుకుంటే కటకాలకు నాభ్యాంతరం 10 సెంటీమీటర్లు అని మాత్రమే రాసి ఊరుకోకండి. గాజువి, వ్యాసం 50 మిల్లీమీటర్లు అని కూడా రాయండి. లేకపోతే బొత్తాలంత కటకాలు వస్తాయి, వాటితో గోడ మీద ఏమీ కనిపించదు.